గోటితో పోయేదానికి సిస్టమ్ అకౌంటా?

మన హైదరాబాదులో జలుబైనా, తలనొప్పైనా, కడుపునొప్పైనా జిందా తిలిస్మాత్ రెండు చుక్కలు వేసుకునే ఇళ్ళు ఇప్పటికీ బోలెడు. దాని మీద నాకే కోపమూ లేదు, మా ఇంట్లోనూ ఓ సీసా ఉంటుంది. నా కోపమల్లా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కనిపెట్టుకున్న తిలిస్మాత్ మీద. స్క్రిప్టు నడవట్లేదా? సిస్టమ్ అకౌంట్ కింద పెట్టు. సర్వీసు లేవట్లేదా? సిస్టమ్ అకౌంట్ కింద పెట్టు. రాత్రి బ్యాకప్ జాబ్ ఫెయిలయిందా? అదే మందు, అదే మోతాదు. లినక్స్ వాళ్ళు ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. మీ సీసా మీద సుడో అని రాసుంటుంది, పక్కనే 777 అనే ఇంకో సీసా కూడా ఉంటుంది :)

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ సపోర్టు ఫ్లోర్‌లో నిలబడ్డా ఈ మాటలు వినబడతాయి:

"అన్నా, స్క్రిప్టు యాక్సెస్ డినైడ్ అంటోంది."
"సిస్టమ్ కింద రన్ చేసి చూడరా."
"చేశానన్నా, నడిచింది."
"ఇంకేం, అలాగే ఉంచేసి టికెట్ క్లోజ్ చెయ్."

మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. మూడో మాటతో కొంచెం ఉంది. నాలుగో మాటతో మాత్రం పూర్తిగా ఉంది. ఈ టపా అంతా ఆ నాలుగో మాట మీదే.

ముందు ఈ సిస్టమ్ అనే ఆసామి ఎవరో చూద్దాం. ఎందుకంటే రోజూ వాడేవాళ్ళలో చాలామందికి ఆయన గురించి తెలిసింది ఒక్కటే, "అడ్మిన్ కంటే పెద్ద" అని. అది సగం నిజం. విండోస్ మిషన్ లోపల నిజంగానే ఆయన మోతుబరి. దాదాపు ప్రతి ఫైలు మీదా, ప్రతి రిజిస్ట్రీ కీ మీదా ఆయనకి పూర్తి హక్కు రాసిపెట్టి ఉంటుంది. మిషన్ గడప దాటాడంటే మాత్రం కథ వేరు. నెట్‌వర్క్ మీద ఆయనకి సొంత పేరు లేదు. డొమైన్‌లో ఉన్న మిషన్ అయితే ఆ కంప్యూటర్ పేరు, చివర ఒక డాలర్ గుర్తు, అదే ఆయన గుర్తింపు కార్డు. ఫైల్ సర్వర్ మీద మీ టీమ్ గ్రూపుకి అనుమతి ఉంటే మీకు తలుపు తెరుచుకుంటుంది. ఆ డాలర్ గారికి తెరుచుకోదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఆ సామెత ఈయన కోసమే పుట్టినట్టుంటుంది.

ఇంకా ఉంది. మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే జెడ్ డ్రైవ్, వై డ్రైవ్ ఆయనకి కనపడవు. మ్యాప్ చేసిన డ్రైవులు ఎవరి లాగిన్‌కి వాళ్ళవే. మీ యూజర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఆయనకి రావు. మీ బ్రౌజర్‌లో పెట్టుకున్న ప్రాక్సీ ఆయనకి తెలీదు. పవర్‌షెల్‌తో మీరు ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకున్న పాస్‌వర్డ్ ఫైలు ఆయనకి తెరుచుకోదు, ఎందుకంటే విండోస్ దాన్ని మీ అకౌంట్‌కే కట్టేసింది. ఆయన ప్రొఫైల్ యూజర్స్ ఫోల్డర్‌లో ఉండదు, సిస్టమ్32 లోపల కాన్ఫిగ్ కింద సిస్టమ్‌ప్రొఫైల్ అనే మూల గదిలో ఉంటుంది. షెడ్యూల్డ్ టాస్క్ నుంచి ఎక్సెల్ ఫైలు తెరవబోయి, ఎందుకు ఫెయిలవుతోందో తెలీక జుట్టు పీక్కుని, చివరికి ఆ మూల గదిలో డెస్క్‌టాప్ అని ఒక ఖాళీ ఫోల్డర్ చేస్తే నడిచిందని తెలుసుకున్న వాళ్ళు ఇది చదువుతూ తల ఊపుతూ ఉంటారని నాకు తెలుసు. (సర్వర్ మీద ఆఫీస్‌ని అలా నడపడం మేం సపోర్ట్ చెయ్యం అని మైక్రోసాఫ్ట్ వాడు చెబుతూనే ఉన్నాడు, మనం నడుపుతూనే ఉన్నాం.)

కాబట్టి "సిస్టమ్ కింద నడిచింది" అన్న మూడో మాటకి అర్థం ఏమిటి? అకౌంట్ మారితే కథ మారింది, అంతే. పర్మిషన్ వల్లే మారిందా, వేరియబుల్ వల్ల మారిందా, ప్రొఫైల్ వల్ల మారిందా, ఏదీ తేలలేదు. "సిస్టమ్ కింద కూడా ఫెయిలయింది, కాబట్టి పర్మిషన్ గొడవ కాదు" అనే వాళ్ళూ ఉన్నారు. అది ఇంకా అన్యాయం. షేర్ మీద ఉన్న ఫైలు సిస్టమ్‌కి దొరక్కపోవడం కూడా పర్మిషన్ గొడవే కదా మహాప్రభో! జ్వరం వస్తే పారాసిటమాల్ వేశాం, తగ్గింది. బాగానే ఉంది. అది టైఫాయిడా, మలేరియానా, డెంగ్యూనా? గోలీ చెప్పదు. చెప్పిందనుకుని పేషెంటుని డిశ్చార్జి చేసే డాక్టరు దగ్గరికి మీరు మీ పిల్లల్ని తీసుకెళ్తారా?

లినక్స్‌లోనూ ఇదే తంతు. రూట్‌కి రీడ్, రైట్ తనిఖీలే ఉండవు కాబట్టి రూట్‌గా నడిపితే అసలు తప్పు ఎక్కడుందో కప్పడిపోతుంది. అదే ఎన్ఎఫ్ఎస్ షేర్ మీద రూట్ స్క్వాష్ ఉంటే రూట్ గారు కాస్తా నోబడీ అయిపోతారు. పేరులోనే ఉంది చూడండి, ఎవరూ కానివాడు. ఇది చాలదన్నట్టు, ఒక్కసారి "ఊరికే టెస్ట్ చేద్దామని" సుడోతో స్క్రిప్టు నడిపారనుకోండి, అది సృష్టించిన లాగ్ ఫైలు, పిడ్ ఫైలు, క్యాష్ ఫోల్డర్ అన్నీ రూట్ సొంతమవుతాయి. మర్నాడు అసలు యూజర్ కింద స్క్రిప్టు లేస్తే, నిన్నటిదాకా రాసుకున్న లాగ్‌లోనే రాయలేక చస్తుంది. అంటే ఒక పర్మిషన్ సమస్య వెతకబోయి ఇంకో మూడు పుట్టించాం అన్నమాట. అప్పుడేం చేస్తాం? "ఎందుకొచ్చిన గొడవ, రూట్ కిందే నడపండి" అంటాం. వ్యసనం అంటే ఇదే. మొదటి చుక్కే రెండో చుక్కని అడుగుతుంది.

అలాగని సిస్టమ్ అకౌంట్ కింద స్క్రిప్టు నడిపి చూడటమే తప్పని నేననట్లేదు. దీని రెండో వైపు కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ డిప్లాయ్‌మెంట్ టూల్స్ చాలావరకు ఇన్‌స్టాల్ స్క్రిప్టుల్ని సిస్టమ్ కిందే నడుపుతాయి. గ్రూప్ పాలసీ స్టార్టప్ స్క్రిప్టులూ అంతే. అలాంటి స్క్రిప్టుని తన అడ్మిన్ లాగిన్‌లో రెండుసార్లు నొక్కి చూసి "నా దగ్గర బాగానే ఉందే" అని మెయిల్ కొట్టేవాడిదీ తప్పే. ఆ స్క్రిప్టు రేపు ఎవరి కళ్ళతో లోకాన్ని చూస్తుందో ఆ కళ్ళతోనే మనమూ చూడాలి. దానికి మార్గాలున్నాయి. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ పీఎస్‌ఎగ్జెక్‌కి ఎస్, ఐ అనే రెండు ఆప్షన్లు తగిలించి, అడ్మిన్ హక్కుతో కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే సిస్టమ్ కళ్ళజోడు మన ముక్కు మీదకి వస్తుంది. అక్కడ హూయామ్‌ఐ అని కొడితే ఆయన పేరే చెబుతుంది. ఇది నిక్షేపంలాంటి పద్ధతి.

తేడా ఎక్కడుందో చెబుతాను. స్క్రిప్టు ఏ అకౌంట్ కింద నడవాలో ఆ అకౌంట్‌లోకి మనం వెళ్ళి చూడటం రోగ పరీక్ష. స్క్రిప్టు నడిచేదాకా అకౌంట్ పెద్దది చేసుకుంటూ పోవడం, నడవగానే ఆపేయడం, మందు కూడా కాదు, మత్తు. రెండిట్లోనూ కొట్టే కమాండు ఒకటే కావచ్చు. అందుకే చాలామందికి తేడా తెలీదు.

తెలియకపోతే ఏమవుతుంది అంటారా? నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట (పేరు అనవసరం) జరిగింది చెబుతాను. అక్కడ ఒక సర్వర్ మీద పాత లాగ్‌లు చెరిపేసే చిన్న బ్యాచ్ స్క్రిప్టు ఉండేది. రోజూ రాత్రి రెండింటికి ఒక సర్వీస్ అకౌంట్ కింద నడిచేది. ఎక్కడ చెరపాలో చెప్పే ఫోల్డర్ పేరు ఒక వేరియబుల్‌లో ఉండేది, ఆ వేరియబుల్ ఆ సర్వీస్ అకౌంట్ యూజర్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉండేది. ఒకరోజు కొత్త లాగ్ ఫోల్డర్ ఒకటి కలిపారు, దాని మీద ఆ అకౌంట్‌కి హక్కు ఇవ్వలేదు. యాక్సెస్ డినైడ్. టికెట్ వచ్చింది. సీనియర్ ఒకాయన సాయంత్రం ఇంటికెళ్ళే ముందు టాస్క్‌ని సిస్టమ్ కిందకి మార్చి, "ఫిక్స్‌డ్" అని రాసి, టికెట్ మూసి వెళ్ళిపోయాడు. ఏం మార్చాడో టికెట్‌లో రాయలేదు.

రాత్రి రెండయింది. సిస్టమ్‌కి ఆ వేరియబుల్ లేదు. బ్యాచ్ ఫైల్లో లేని వేరియబుల్ అంటే ఖాళీ. ఫోల్డర్ పేరు ఖాళీ అయితే మిగిలేది ఒక బ్యాక్‌స్లాష్, ఒక నక్షత్రం. అంటే డ్రైవ్ మొదలు. సబ్‌ఫోల్డర్లతో సహా, అడక్కుండా చెరిపేయమని అందులో ముందే రాసుంది. సర్వీస్ అకౌంట్ కింద ఇదే జరిగుంటే నాలుగు డినైడ్‌లు కొట్టి ఆగేది. సిస్టమ్‌ని ఎవరాపుతారు? డీ డ్రైవ్‌లో ఇంకో అప్లికేషన్ తాలూకు స్కాన్ చేసిన కాగితాలున్నాయి. ఫోల్డర్లు అలాగే ఉన్నాయి, లోపల ఫైళ్ళు లేవు. స్క్రిప్టు కూడా ఆ డ్రైవ్‌లోనే ఉండేది కాబట్టి భస్మాసురుడిలా తన నెత్తి మీద తనే చెయ్యి పెట్టుకుని మాయమైంది. ముందురోజు బ్యాకప్ ఉంది కాబట్టి చాలావరకు వెనక్కొచ్చాయి. ఆ ఒక్కరోజువి మాత్రం కస్టమర్లని మళ్ళీ అడగాల్సి వచ్చింది.

పొద్దున్న కారణం వెతకమని పిలిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను. సెక్యూరిటీ లాగ్‌లో ఎవరు చెరిపారు? సిస్టమ్. టాస్క్ ఎవరు మార్చారు? టాస్క్ షెడ్యూలర్ హిస్టరీ ఆన్‌లో లేదు (విండోస్‌లో అది మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది). మనిషి పేరు ఎక్కడా లేదు. మేనేజర్ గారికి మాత్రం ఒక పేరు కావాలి. ఆయన తెరిచింది లాగ్ కాదు, షిఫ్ట్ రోస్టర్. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్నది చేరి ఏడాది కూడా కాని ఒకమ్మాయి. "ఆ టైములో నువ్వే కదమ్మా ఉన్నావు, అలర్ట్ చూసుకోవాలి కదా" అన్నారు. డ్రైవ్ ఖాళీ అవుతుంటే ఏ అలర్టూ రాదు, నిండితేనే వస్తుంది. ఈ సంగతి నేను చెప్పాను, ఇంకో ఇద్దరు చెప్పారు. అయినా ఆ ఏడాది ఆ అమ్మాయి రేటింగ్ పోయింది, ప్రాజెక్టు నుంచి తీసి బెంచి మీద కూర్చోబెట్టారు. టాస్క్ మార్చింది తనేనని ఆ సీనియర్ ఆ మీటింగ్‌లో నోరు విప్పలేదు. కొన్నాళ్ళ తర్వాత టీ తాగుతూ ఎవరితోనో అంటే బయటికొచ్చింది.

నేను ఇంత మండిపడటానికి కారణం ఇదే. "లీస్ట్ ప్రివిలేజ్" అనగానే మనవాళ్ళు అదేదో సెక్యూరిటీ టీమ్ వాళ్ళ చాదస్తం, ఆడిటర్ వచ్చినప్పుడు చదివే మంత్రం అనుకుంటారు. నిజానికి అది కింద పనిచేసే వాడికి రక్షణ. సర్వీస్ అకౌంట్‌కి ఒక పేరుంటుంది, దాని హక్కులకి ఒక హద్దుంటుంది, దానికి ఒక ఓనర్ ఉంటాడు. సిస్టమ్‌కి ఓనర్ లేడు. ఓనర్ లేని తప్పు ఎప్పుడూ కిందకే జారుతుంది, నీళ్ళు పల్లానికి పారినట్టు. ఆ పల్లంలో నైట్ షిఫ్ట్ ఫ్రెషర్ ఉంటాడు, లేకపోతే కాంట్రాక్టు ఉద్యోగి ఉంటాడు.

ఈ సూత్రం నిన్నా మొన్నా పుట్టింది కూడా కాదు. సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే రాశారు: ప్రతి ప్రోగ్రామూ, ప్రతి యూజరూ తన పనికి అవసరమైన కనీస హక్కులతోనే నడవాలని. యాభై ఏళ్ళు దాటింది. మైక్రోసాఫ్ట్ వాడికే ఇది తలకెక్కడానికి పెద్ద దెబ్బ తగలాల్సి వచ్చింది. 2001లో కోడ్ రెడ్ పురుగు వచ్చింది గుర్తుందా? ఐఐఎస్‌లో ఇండెక్సింగ్ తాలూకు ఒక డీఎల్ఎల్‌లో బగ్. ఆ డీఎల్ఎల్ నడిచేది సిస్టమ్ హక్కులతో. ప్యాచ్ జూన్‌లోనే ఇచ్చారు, పెట్టుకున్నవాళ్ళు తక్కువ. జూలై 19న 14 గంటల్లోపే 3,59,000 పైచిలుకు మిషన్లు అంటుకున్నాయి. ఆగస్టులో వచ్చిన కోడ్ రెడ్ 2 అయితే ఏకంగా కమాండ్ ప్రాంప్ట్‌ని తెచ్చి వెబ్ ఫోల్డర్‌లో పెట్టి, రండి బాబూ రండి అని తలుపులు బార్లా తెరిచింది. 2003లో వచ్చిన ఐఐఎస్ 6లో వెబ్ అప్లికేషన్లు నడిపే ప్రాసెస్‌ని సిస్టమ్ కింద నుంచి తీసి, తక్కువ హక్కులున్న నెట్‌వర్క్ సర్వీస్ కిందకి మార్చారు. బగ్ ఎవడి కోడ్‌లోనైనా ఉంటుంది. దాని వెనక ఏ అకౌంట్ నిలబడి ఉందన్నదే నష్టం ఎంతో తేలుస్తుంది.

"అవన్నీ పాత కథలు, ఇప్పుడంతా క్లౌడ్" అంటారా? 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు సంగతి చూడండి. ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్‌లో ఒక లోపం. దాని వెనక ఉన్న క్లౌడ్ రోల్‌కి స్టోరేజ్ బకెట్ల జాబితా చూసే హక్కు, లోపలివి చదివే హక్కు ఉన్నాయి. ఫైర్‌వాల్‌కి కస్టమర్ల అప్లికేషన్ ఫారాలతో పనేమిటి? కానీ హక్కు ఉంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. 2020లో 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. క్లౌడ్‌లో ఐయామ్ పాలసీలో నక్షత్రం పెట్టి "డెమో అయ్యాక తగ్గిద్దాం" అనుకోవడం, పాత సర్వర్‌లో టాస్క్‌ని సిస్టమ్ కింద పెట్టడం, రెండూ ఒకే తానులో ముక్కలు.

మన అంతర్గత నెట్‌వర్క్ కదా, బయటివాడు ఎలా వస్తాడు అనే ధీమా ఇంకొకటి. బయటివాడు రానక్కర్లేదు. సిస్టమ్ కింద నడిచే స్క్రిప్టు ఏ ఫోల్డర్‌లో ఉందో ఎప్పుడైనా చూశారా? చాలాచోట్ల సీ డ్రైవ్ కింద నేరుగా స్క్రిప్ట్స్ అని ఒక ఫోల్డర్ చేసి పడేస్తారు. మామూలు విండోస్ డెస్క్‌టాప్‌లో అలా చేసిన ఫోల్డర్‌కి, లాగిన్ అయిన ప్రతి యూజర్‌కీ మాడిఫై హక్కు వారసత్వంగా వస్తుంది. సర్వర్‌లో కాస్త నయం, ఉన్న ఫైలు మార్చలేరు గానీ కొత్త ఫైళ్ళు పెట్టగలరు. అంటే ఆ మిషన్‌లోకి రాగలిగిన ఏ మామూలు యూజరైనా ఆ స్క్రిప్టులో ఒక లైను కలిపి, రాత్రి రెండు దాకా ఆగితే చాలు, పొద్దున్నకి మిషన్ అతనిది. తాళం కప్ప ఎంత పెద్దదైనా తాళంచెవి గుమ్మానికి వేలాడదీస్తే ఏం లాభం? నమ్మకం లేకపోతే రేపు ఐక్యాక్ల్స్ కొట్టి మీ స్క్రిప్టుల ఫోల్డర్ మీద ఎవరెవరికి ఏం హక్కుందో చూసుకోండి.

ఇక మామూలుగా వినే సాకులు. మొదటిది: టైము లేదు, ఎస్ఎల్ఏ తన్నేస్తుంది, క్లయింట్ అరుస్తున్నాడు. ఒప్పుకుంటాను, నేనూ సపోర్టులో చేసినవాణ్ణే. కానీ ఎంత టైము? ప్రాసెస్ మానిటర్ 2006 నుంచీ ఉంది, ఉచితం. దాన్ని నడిపి, రిజల్ట్ యాక్సెస్ డినైడ్ అయిన లైన్లు మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టి, స్క్రిప్టుని అసలు అకౌంట్ కింద ఒకసారి ఫెయిలవనిస్తే, ఏ ఫైలు మీద, ఏ హక్కు అడిగితే, ఏ యూజర్‌కి కాదన్నారో అక్కడే కనపడుతుంది. ఒక జాగ్రత్త: కనపడిన ప్రతి డినైడూ నేరం కాదు. చాలా ప్రోగ్రాములు ముందు ఎక్కువ హక్కు అడిగి, కాదంటే తక్కువతో సర్దుకుంటాయి. స్క్రిప్టు చచ్చిపోయిన చోటికి దగ్గర్లో ఉన్న డినైడ్ పట్టుకోవాలి. అలవాటైతే పదిహేను నిమిషాల పని. గంటసేపు కాన్ఫరెన్స్ కాల్‌లో "అప్డేట్ ఏంటి, అప్డేట్ ఏంటి" అని అడిగించుకోవడం కంటే నయం కాదూ?

రెండోది: సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ అయిపోతుంది, సిస్టమ్‌కి ఆ గొడవ లేదు. ఇది ఒకప్పుడు నిజమైన ఇబ్బందే. కానీ విండోస్ సర్వర్ 2012 నుంచి గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లున్నాయి. పాస్‌వర్డ్‌ని డొమైనే పెడుతుంది, మామూలుగా 30 రోజులకోసారి అదే మారుస్తుంది, మనిషికి ఆ పాస్‌వర్డ్ తెలియాల్సిన పనే లేదు. షెడ్యూల్డ్ టాస్క్‌లకీ పనిచేస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా "మాకు సెటప్ లేదు" అంటే అది ఇబ్బంది కాదు, బద్ధకం.

మూడోది: వెండర్ డాక్యుమెంట్‌లోనే లోకల్ అడ్మిన్ కావాలని రాసుంది. వెండర్ రాస్తాడు, వాడికేం పోయింది? వాడికి సపోర్టు కాల్ తగ్గాలి. అదే ప్రాసెస్ మానిటర్‌తో చూస్తే చాలాసార్లు తేలేది ఏమిటంటే, ఆ మహా సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని తన ఫోల్డర్‌లోనే ఒక సెట్టింగ్స్ ఫైలు రాయబోతోంది, లేదా ఒక రిజిస్ట్రీ కీలో రాయబోతోంది. ఆ ఒక్కదాని మీద హక్కు ఇస్తే సరిపోయేదానికి మొత్తం మిషన్ రాసిచ్చేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా?

లినక్స్ మిత్రులకీ ఇదే లెక్క. సుడోకి యూ అనే ఆప్షన్ ఉంది, రూట్‌గా కాకుండా ఆ సర్వీస్ యూజర్‌గా నడిపి చూడ్డానికే. నేమ్‌ఐ కమాండ్‌కి ఎల్ తగిలిస్తే దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ మీద హక్కులు వరసగా చూపిస్తుంది. పది సార్లలో చాలాసార్లు తప్పు ఫైలు మీద కాదు, దాని పైన రెండు మెట్ల ఫోల్డర్ మీద ఎగ్జిక్యూట్ బిట్ లేకపోవడం. క్రాన్ కింద నడవకపోతే పర్మిషన్ అనేముందు పాత్ చూడండి, క్రాన్ ఇచ్చే పాత్ బహు చిన్నది. ఎస్ఈలినక్స్ అడ్డొస్తే ఆడిట్ లాగ్‌లో ఏవీసీ అని వెతికితే ఏది కాదన్నదో రాసుంటుంది. పర్మిసివ్‌లో పెట్టి ఐదు నిమిషాలు చూడటం పరీక్షే, తప్పు కాదు. అలా పెట్టి ఐదేళ్ళు మర్చిపోవడం తప్పు. సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్లో యూజర్ లైను రాయకపోతే సర్వీసు రూట్‌గానే లేస్తుందని కూడా గుర్తుంచుకోండి. మౌనం అర్ధాంగీకారం కాదక్కడ, పూర్ణాంగీకారం.

పద్ధతి అంతా కలిపితే ఇంతే. స్క్రిప్టు ఎవరి పేరు మీద నడవాలో ముందు కాగితం మీద రాయండి. ఆ అకౌంట్‌లోకి వెళ్ళండి, అది సిస్టమే అయితే సిస్టమ్‌లోకే వెళ్ళండి. వెళ్ళగానే స్క్రిప్టు నడపకండి. ముందు హూయామ్‌ఐ కొట్టండి, వేరియబుల్స్ అన్నీ ఒకసారి పైకి తెప్పించి చూడండి, స్క్రిప్టు ముట్టుకునే ప్రతి దారినీ ఊరికే లిస్ట్ చేసి చూడండి. చెరిపే లైన్లు, మార్చే లైన్లు ఉంటే వాటి బదులు పేరు ప్రింట్ చేసే లైను పెట్టి నడపండి. ఎక్కడ కాదన్నారో దొరికాక ఆ ఒక్క చోట, ఆ ఒక్క హక్కు ఇవ్వండి. ఒకవేళ అర్ధరాత్రి నిజంగానే గత్యంతరం లేక సిస్టమ్ కింద పెట్టాల్సి వస్తే పెట్టండి. కానీ ఆ టికెట్ మూయకండి. ఏం మార్చారో, ఎవరు మార్చారో, ఎప్పుడు వెనక్కి తిప్పుతారో మీ పేరుతో రాసి తెరిచే ఉంచండి. మేనేజర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

మేనేజర్లకీ ఒక మాట. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. 2023 డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత లేకుండా వ్యక్తిగత వివరాలు పోగొడితే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసుంది. 180 రోజుల లాగ్‌లు దాస్తారు, సంతోషం. తెరిచి చూస్తే సిస్టమ్, సిస్టమ్, సిస్టమ్ అని తప్ప ఒక్క మనిషి పేరు లేకపోతే ఆ 6 గంటల్లో ఎవరికి ఏం చెబుతారు? టికెట్లు ఎన్ని మూశారని లెక్కపెట్టే మీరు, ఎన్ని టాస్కులు సిస్టమ్ కింద నడుస్తున్నాయో నెలకోసారి లెక్కపెట్టండి. ఒక్కోదాని పక్కన కారణం, ఓనర్ పేరు అడగండి. సమాధానం లేనివి ఎన్నో మీకే తెలుస్తుంది.

ఇక ఆ సంభాషణలో మొదటి మాట, మూడో మాట అన్న కుర్రాళ్ళకి. మీ సీనియర్ "అలాగే ఉంచేసి క్లోజ్ చెయ్" అంటే, గొడవ పడక్కర్లేదు, ఎదురు చెప్పక్కర్లేదు. "సరే అన్నా, మీరు చెప్పారని టికెట్‌లో రాసి క్లోజ్ చేస్తాను" అనండి. ఆ ఒక్క మాటకి ఎంతమంది "ఆగు ఆగు, నేనొకసారి చూస్తా" అంటారో చూడండి.